స్కూల్ బోర్డ్‌కి నిలబడదామనుకుంటున్నా, ఎవరైనా నిలబడినవాళ్లు ఉన్నారా? (టెక్సాస్)

మూడో క్లాసు అమ్మ · 2025 నవంబర్ 18

అందరికీ నమస్తే. మేం డాలస్‌కి పైన ఉన్న ఒక సబర్బ్‌లో పదమూడేళ్లుగా ఉంటున్నాం, ఊరి పేరు రాయను, ఇక్కడ చదివేవాళ్లలో సగంమంది మా వీధివాళ్లే అయ్యుంటారు. పెద్దోడు ఏడో క్లాసు, చిన్నది మూడో క్లాసు. పోయిన నెల చిన్నదాని ఎలిమెంటరీ స్కూల్ మూసేసే ఆలోచనలో ఉన్నట్టు ఈమెయిల్ వచ్చింది. మేం ఇల్లు కొన్నప్పుడు పిల్లలు పట్టక గ్రౌండ్‌లో రేకుల గదులు తెచ్చి పెట్టిన స్కూలు అది, ఇప్పుడేమో పిల్లలు లేరంటున్నారు.

స్కూల్ బోర్డ్, అంటే ఇక్కడి స్కూళ్లన్నీ చూసుకోడానికి జనం ఓటేసి ఎన్నుకునే కమిటీ, దాని మీటింగ్‌కి వెళ్లా. మాట్లాడ్డానికి మూడు నిమిషాలు ఇచ్చారు. రాత్రంతా కూర్చుని రాసుకున్న రెండు పేజీలు, రెండో పేజీ సగంలో ఉండగానే బజర్ మోగింది, థాంక్యూ అన్నారు, అంతే. పైన కూర్చున్న ఏడుగురూ నా వైపు చూస్తూనే ఉన్నారు గానీ ఒక్కరూ నోరు విప్పలేదు. గోడకి చెప్పుకున్నట్టయింది. ఇంటికొచ్చి మా ఆయనతో ఇలా కింద నిలబడి మొత్తుకునే బదులు ఆ పైనే కూర్చుంటే పోదా అన్నా. ఆయన గిన్నెలు సర్దుతూ "అయితే నిలబడు" అన్నారు. ఆయన జోక్‌కే అన్నారేమో, నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు.

సిటిజన్‌షిప్ 2023లో వచ్చింది. రాజకీయాలు ఓనమాలు కూడా తెలీవు. ఎవరైనా ఈ పని చేసినవాళ్లుంటే చెప్పండి, వద్దన్నా సరే ఎందుకు వద్దో చెప్పండి.

బెజవాడ బాబాయ్

శుభం తల్లీ. మీ వైపు మనవాళ్లు కనీసం రెండు వేల ఇళ్లుంటాయి, ఇంటికి రెండు ఓట్లు వేసుకో, నాలుగు వేలు. మే నెల ఎలక్షన్‌లో అన్ని ఓట్లు పడితే ఎవడు ఆపుతాడు నిన్ను. మన గుడిలో ఆదివారం మైకులో పంతులుగారి చేత ఒక్క మాట చెప్పిస్తే చాలు.

సైన్ల సాంబ

బాబాయ్ గారూ, సరిగ్గా ఈ లెక్కే నేను వేసుకుని మునిగా 😀

మూడేళ్ల కిందట నిలబడ్డా, వేరే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక బోర్డ్ కింద ఉండే స్కూళ్ల ఏరియా). మన పేర్లున్న ఇళ్లన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించుకుని శని ఆదివారాలు తిరిగా. తలుపు తీయగానే అన్నయ్యా రండి రండి అంటారు, కాఫీ, కారప్పూస, ఒకింట్లో అయితే పెసరట్టు వేసి గానీ వదల్లేదు, ఫోటో దిగి వాట్సాప్‌లో పెట్టారు. అంతా అయ్యాక మెల్లగా "అన్నా మాది ఇంకా హెచ్1బీ" అంటారు. తర్వాతింట్లో గ్రీన్‌కార్డు. ఆ తర్వాతింట్లో సిటిజనే గానీ ఓటరుగా రిజిస్టర్ చేసుకోలేదు. నా లెక్క ప్రకారం పది ఇళ్లు తిరిగితే ఇద్దరు ముగ్గురు ఓటున్నవాళ్లు తగిలారు, వాళ్లలో మే నెలలో కూడా ఎలక్షన్ ఉంటుందని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. 312 ఓట్ల తేడాతో ఓడిపోయా. బరువు మాత్రం ఆరు పౌండ్లు పెరిగా.

గుడి మైకు సంగతి అసలు తలుచుకోవద్దు. గుడి అయినా మన తెలుగు సంఘం అయినా 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సంస్థ అయితే ఫలానావాళ్లకి ఓటెయ్యండి అని చెప్పకూడదు, పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది. పోటీలో ఉన్న అందర్నీ సమానంగా పిలిచి మాట్లాడించే సభ పెట్టుకోవచ్చు, అది వేరు.

మూడో క్లాసు అమ్మ

అయ్యో, నేనూ గుడి గురించే అనుకున్నా. ఇంకా చెప్పండి సాంబ గారూ, మొదటి మెట్టు ఏంటి?

సైన్ల సాంబ

మొదటి మెట్టు చాలా తేలిక, అందుకే మోసపోతాం. స్టేట్‌లో ఏడాది, మీ డిస్ట్రిక్ట్‌లో ఆరు నెలలు ఉండి, ఓటరుగా రిజిస్టర్ అయ్యుంటే చాలు. మన వైపు ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లకి ఫీజు లేదు. 2026 ఎలక్షన్ మే 2న, అప్లికేషన్లు జనవరి 14 నుంచి ఫిబ్రవరి 13 సాయంత్రం ఐదు దాకా తీసుకుంటారు. దాని ముందు ప్రచారం డబ్బు లెక్కలు చూసే ట్రెజరర్‌ని పెట్టుకున్నట్టు ఒక ఫారం ఇవ్వాలి, అది ఇవ్వకుండా ఒక్క డాలర్ కూడా తీసుకోకూడదు, ఖర్చు పెట్టకూడదు. నేను తెలీక ముందే బిజినెస్ కార్డులు ఆర్డర్ పెట్టి మళ్లీ క్యాన్సిల్ చేసుకున్నా.

జీతం సున్నా. టెక్సాస్‌లో ట్రస్టీలకి, అంటే బోర్డ్ సభ్యులకి, జీతం ఇవ్వకూడదని చట్టమే ఉంది.

ఇంకోటి, మీరు మాట్లాడితే వాళ్లు పలకలేదన్నారు చూడండి, అది పొగరు అనుకోకండి. అజెండాలో లేని విషయం మీద ట్రస్టీలు చర్చ మొదలెట్టకూడదు, ఓపెన్ మీటింగ్స్ చట్టం. ఏడుగురిలో నలుగురు బయట ఎక్కడైనా కలిసి స్కూలు విషయాలు మాట్లాడుకున్నా మీటింగ్ కిందే లెక్క. పెళ్లిలో ఒకే బల్ల మీద భోజనానికి కూర్చోవచ్చు గానీ బడ్జెట్ ఊసెత్తకూడదు.

హెచ్1బీ పదకొండో ఏడు

అక్కా, ఓటు లేదు, కనీసం వంద డాలర్లైనా పంపిద్దామనుకుంటున్నా. అకౌంట్ ఓపెన్ చేశాక లింక్ పెట్టండి.

సైన్ల సాంబ

తమ్ముడూ ఆగు!! హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇక్కడ ఏ ఎలక్షన్‌కీ చందా ఇవ్వకూడదు, స్కూల్ బోర్డ్ అయినా సరే, ఫెడరల్ చట్టం. గ్రీన్‌కార్డ్ వాళ్లు ఇవ్వచ్చు. నువ్వు ఊరికే వచ్చి ఇళ్ల ముందు సైన్లు (పేరున్న ప్రచారం బోర్డులు) పాతచ్చు, కరపత్రాలు పంచచ్చు, డబ్బు తీసుకోకుండా చేస్తే తప్పు లేదు. డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి లాంటి నిర్ణయాల్లో మాత్రం తల దూర్చకు.

గ్రీన్‌కార్డ్ వాళ్లకి ఇంకో మాట. డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ఫారంలో ఓటరు రిజిస్ట్రేషన్ గడి ఉంటుంది, తెలీక టిక్ పెట్టేసి, ఇంటికి కార్డు వచ్చింది కదా అని ఓటు వేసేస్తే సిటిజన్‌షిప్ సంగతి అటుంచు, దేశంలో ఉండటమే కష్టమవుతుంది. అభిమానం కొద్దీ అలాంటి పని చెయ్యకండి.

హెచ్1బీ పదకొండో ఏడు

పదకొండేళ్లు, ఇల్లు, ఇద్దరు పిల్లలు, స్కూల్ టాక్స్ ఏటా ఠంచనుగా కడుతున్నా. సరే, గుంటలు తవ్వే పని నాది.

బే ఏరియా భాస్కర్

శాన్‌ఫ్రాన్సిస్కోలో సిటిజన్లు కాని తల్లిదండ్రులకి కూడా స్కూల్ బోర్డ్ ఎలక్షన్‌లో ఓటుంది తెలుసా, 2016లో జనం ఓటేసి తెచ్చుకున్నారు, 2018 నుంచి అమల్లో ఉంది. నేను ఆ సిటీలో ఉండను, నాకూ లేదు, అది వేరే ఏడుపు.

నల్గొండ పిల్ల

అక్కా నేను సబ్‌స్టిట్యూట్ టీచర్‌ని, వేరే డిస్ట్రిక్ట్‌ల చేస్తున్న. నాకు కూడా నిలబడాలని ఉండె గని, పని చేసే డిస్ట్రిక్ట్‌లనే ట్రస్టీ అయితె ఉద్యోగం వదులుకోవాలె.

ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. నువ్వు గెలిస్తె ఏం చేస్తవ్? మనోళ్లు నన్ను ఎప్పుడు పట్టుకున్నా మూడే అడుగుతరు, మా పిల్లగాన్ని గిఫ్టెడ్‌ల, అంటె బాగ చదివేటోళ్ల స్పెషల్ క్లాసుల, ఎందుకు తీసుకోలే, లెక్కల్ల ఒక క్లాసు పైకి ఎందుకు పంపరు, దీపావళికి సెలవు ఎందుకియ్యరు. సెలవు ఒక్కటి బోర్డ్ చేతిల ఉంటది, క్యాలెండర్ మీద వాళ్లే ఓటేస్తరు. మిగిలినయి ట్రస్టీకి ఫోన్ చేస్తె అయ్యేటివి కావు. టీచర్‌ని పెట్టుడు తీసుడు కూడ ఒక్క ట్రస్టీ చెప్తె కాదు. బోర్డ్ పెట్టుకునేది సూపరింటెండెంట్‌ని, అంటె డిస్ట్రిక్ట్ స్కూళ్లన్నిటికి పెద్ద ఆఫీసర్‌ని, ఆ ఒక్క మనిషితోనే వాళ్ల పని. బడ్జెట్, టాక్స్ రేటు, బాండు (స్కూళ్ల కోసం తెచ్చే అప్పు), పాలసీ, గవీ. ఏడుగురు ట్రస్టీలు, సూపరింటెండెంట్ కలిపి టీమ్ ఆఫ్ ఎయిట్ అంటరు ఇక్కడ.

ఇంకొకటి కోపం తెప్పిస్తది గని చెప్పాలె. స్టేట్ పైసలు స్కూల్ల పేరున్న పిల్లల్ని బట్టి రావు, రోజూ ఎందరు హాజరైతున్నరో దాన్ని బట్టి వస్తయి. డిసెంబర్‌ల ఇండియాకి పోయి సంక్రాంతి చూసుకొని వస్తం మనం, మూడు వారాలు పిల్లలు గైర్హాజరు. ఒక్క ఎలిమెంటరీల ముప్పై మంది గట్ల పోతరు, నా కండ్ల ముందు ఖాళీ కుర్చీలు. స్కూలెందుకు మూస్తున్నరు అని మైకుల అడిగేముందు గది కూడ యాది పెట్టుకోవాలె.

మూడో క్లాసు అమ్మ

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. పోయినేడాది మేం జనవరి 17న దిగాం.

లెక్కల మాష్టారు (రిటైర్డ్)

నేను ప్రకాశం జిల్లాలో హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను, మా అబ్బాయి దగ్గరికి ఆర్నెల్లకి వచ్చాను. మన దగ్గర విద్యాహక్కు చట్టం 2009 వచ్చాక సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. ఆంధ్రాలో 2024 ఆగస్టు 8న ఎన్నికలు పెట్టారు, క్లాసుకి ముగ్గురు చొప్పున ఎన్నుకుని వాళ్లు ఛైర్మన్‌ని ఎన్నుకోవాలి. నా సర్వీసులో ఈ ఎన్నికలు చాలా చూశాను, కాగితం మీద భలే ఉంటుంది. కొన్ని ఊళ్లలో ఛైర్మన్ ఎవరో రచ్చబండ దగ్గర ముందే తేలిపోతుంది, చేతులెత్తడం ఫోటో కోసం. కానీ మా బళ్లో ఒక ఏడాది ముఠా పనికి వెళ్లే మనిషి భార్య ఛైర్మన్ అయింది. రోజూ పదకొండున్నరకి బడికొచ్చి అన్నం మెతుకు వేళ్ల మధ్య నలిపి చూసేది. పలుకుగా ఉంటే వంటమ్మని మళ్లీ వండమనేది. చదువు ఐదో తరగతి. ఆ ఏడాదంతా పప్పులో నీళ్లు తగ్గాయి.

టాక్సు మీద, బాండు మీద అధికారం వాళ్లకి లేదు, ఇక్కడివాళ్లకి ఉంది. అమ్మాయ్, నువ్వు బడ్జెట్ పుస్తకం తెప్పించుకుని ముందు అది చదువు.

మనకెందుకమ్మా

అందరూ ఉత్సాహపెడుతున్నారు కాబట్టి నేను వెనక్కి లాగుతా. ఈ మధ్య మీటింగుల్లో లైబ్రరీ పుస్తకాల మీద, క్లాస్‌రూముల్లో టెన్ కమాండ్‌మెంట్స్ (బైబిల్ పది ఆజ్ఞలు) మీద జరుగుతున్న కేకలు చూశారా? నువ్వు ఏ వైపు ఓటేసినా సగం ఊరు తిడుతుంది. పేరు చూసి వీళ్లెక్కణ్ణుంచి వచ్చారు అని ఫేస్‌బుక్‌లో రాస్తారు, అది నీ కొడుకు ఫోన్‌లో చదువుతాడు. ఏడో క్లాసు పిల్లాడు. మనం వచ్చింది ఉద్యోగానికి, పిల్లల చదువుకి. ఇన్నేళ్లు తలొంచుకుని బతికాం, బానే ఉంది కదా.

నల్గొండ పిల్ల

తల దించుకుంటె స్కూలు మూసుడు ఆగిందా?

మనకెందుకమ్మా

తల ఎత్తితే ఆగుతుందని ఎవరు చెప్పారు? డాలస్ పక్కనే ఉన్న ప్లేనోలో 2024 జూన్‌లో నాలుగు స్కూళ్లు మూయడానికి బోర్డ్ ఓటేసింది, అక్కడా తల్లిదండ్రులు వెళ్లి మాట్లాడారు. పిల్లలు తగ్గుతున్నారు, ఇళ్ల ధరలకి చిన్న పిల్లలున్నవాళ్లు కొనలేకపోతున్నారు. ఎవరు కూర్చున్నా అదే లెక్క.

సైన్ల సాంబ

ఈయన చెప్పింది తప్పు కాదు. స్టేట్ ఇచ్చే బేసిక్ అలాట్‌మెంట్ పిల్లాడికి 6,160 డాలర్లు అని 2019లో పెట్టారు, ఆరేళ్లు కదల్లేదు, 2025లో 55 డాలర్లు కలిపారు. యాభై ఐదు! కాస్త టీచర్ల జీతాలకని వేరే పద్దు కింద డబ్బులిచ్చారనుకోండి, కానీ కరెంటు బిల్లు, బస్సు డీజిల్ ఆ పద్దులోంచి కట్టలేరు. దీనికి తోడు రాబిన్‌హుడ్, అదే రీకాప్చర్, 1993 నుంచి ఉంది, ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్ట్ వసూలు చేసినదాంట్లో కొంత స్టేట్‌కి కట్టాలి. 2026-27 నుంచి ప్రైవేట్ స్కూళ్లకి స్టేట్ డబ్బులిచ్చే పథకం కూడా, మొదటి విడతకి వంద కోట్ల డాలర్లు.

అందుకే మేడమ్, మా స్కూలు మూయకండి అనే ఒక్క మాటతో వెళ్తే మీ అటెండెన్స్ జోన్, అంటే ఆ స్కూలుకి పిల్లల్ని పంపే ఏరియా, దాటి ఎవరూ ఓటెయ్యరు. మూస్తే ఎంత మిగులుతుంది, ఏది ముందు మూయాలి, ఆ పిల్లల బస్సు ఎంత దూరం, ఇది మాట్లాడగలిగితే వింటారు.

మూడో క్లాసు అమ్మ · 2026 జనవరి 21

చాలా రోజులైంది. మాష్టారు చెప్పినట్టు బడ్జెట్ పుస్తకం చదివా. సగం అర్థమైంది, మిగతా సగం మా పక్కింటావిడ చెప్పింది, డెబ్భై దాటిన తెల్లావిడ, ఇదే డిస్ట్రిక్ట్‌లో ముప్పై ఏళ్లు టీచర్. ఆవిడే నా ట్రెజరర్ ఇప్పుడు. అప్లికేషన్ ఇచ్చేశా. కౌంటర్ దగ్గర నోటరీ ముందు చెయ్యెత్తి ప్రమాణం చెయ్యాలి, అరచెయ్యి చెమట పట్టేసింది. మా అత్తగారికి వీడియో కాల్‌లో చెప్తే "అంటే సర్పంచా?" అన్నారు. కాదత్తయ్యా జీతం లేదు, నిధులు మన చేతికి రావు అంటే, మరి ఎందుకే అన్నారు.

సాంబ గారు చెప్పినట్టు మనవాళ్ల ఇళ్ల లిస్టు పక్కన పెట్టి, పోయిన మే ఎలక్షన్లలో ఓటేసినవాళ్ల లిస్టు తెప్పించుకున్నా. దాంట్లో దాదాపు అందరూ పెద్దవాళ్లే. మొదటి శనివారం మూడో ఇల్లు, ఒక పెద్దాయన, ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టుకుని తలుపు తీశాడు. నా పిల్లలు బడి మానేసి ముప్పై ఏళ్లయింది, టాక్స్ గురించి చెప్పు అన్నాడు. రెండు నెలల కిందటైతే అక్కడే ఏడ్చేసేదాన్ని. మీకు అరవై ఐదు దాటాయి కదా, స్కూల్ టాక్స్ సీలింగ్ పడి ఉంటుంది, అంటే మీ పన్ను ఇక పెరగదు, పైగా నవంబర్లో స్టేట్ అంతా ఓటేశారుగా, ఇంటి విలువలో స్కూల్ టాక్స్ పడని భాగం లక్షా నలభై వేల డాలర్లకి పెరిగింది, మీ వయసువాళ్లకి ఇంకో అరవై వేలు అన్నా. ఆయన లోపలికెళ్లి బిల్లు తెచ్చాడు. వాకిట్లో నిలబడి ఇద్దరం దాన్నే ఇరవై నిమిషాలు చూశాం. ఓటేస్తానని అనలేదు. సైన్ మాత్రం పెట్టుకోమన్నాడు.

బెజవాడ బాబాయ్

సైన్ పెట్టుకోమన్నాడంటే ఓటు పడ్డట్టే అమ్మా.

సైన్ల సాంబ

మా వీధిలో సైన్ పెట్టుకున్న ఒకాయన మే నెలంతా లేక్ హౌస్‌లో ఉన్నాడు. ముందస్తు ఓటింగ్ ఏప్రిల్ 20 నుంచి 28 దాకా ఉంటుంది, ఆ తేదీ వాళ్ల ఫ్రిజ్ మీద అంటించి రండి.

హెచ్1బీ పదకొండో ఏడు

అక్కా సైన్లు ఎప్పుడు పాతాలి? మా హెచ్ఓఏ (కాలనీ ఇళ్లవాళ్ల సంఘం) వాళ్లు పూలకుండీ అంగుళం జరిపినా లెటర్ పంపుతారు.

సైన్ల సాంబ

సొంత ఇంటి ముందు ఎలక్షన్‌కి 90 రోజుల ముందు నుంచి పెట్టుకుంటే హెచ్ఓఏ ఆపకూడదు, స్టేట్ చట్టం. క్యాండిడేట్‌కి ఒక్కటే అని మాత్రం అనచ్చు. పోలింగ్ రోజు తలుపు నుంచి 100 అడుగుల లోపల సైన్ పట్టుకుని నిలబడకు, క్యాండిడేట్ పేరున్న టీషర్ట్ వేసుకుని లోపలికి వెళ్లకు.

నాకు సైన్ల సాంబ అనే పేరు ఎలా వచ్చిందో చెప్పనా? ప్రతి సైన్ మీదా రోడ్డు పక్క స్థలంలో దీన్ని పెట్టడం నేరం అనే నోటీసు అచ్చు వేయాలని చట్టం. రెండు వందల సైన్లు వేయించాక తెలిసింది. నేనూ మా ఆవిడా డైనింగ్ టేబుల్ మీద అడ్రస్ లేబుళ్ల కాగితాలు ప్రింట్ తీసి, ఒక్కో సైన్‌కి రెండు వైపులా, అంటే నాలుగు వందల స్టిక్కర్లు, తెల్లవారుజామున రెండింటి దాకా అంటించాం. మర్నాడు వాన. సగం ఊడిపోయాయి. మా ఆవిడ ఇప్పటికీ లేబుల్ కాగితం కనపడితే నా మొహం చూస్తుంది.

మూడో క్లాసు అమ్మ · 2026 ఫిబ్రవరి 20

బ్యాలెట్‌లో ఎవరి పేరు ముందో డ్రా తీశారు. ముగ్గురం నిలబడ్డాం, నాది మూడోది. ఇంకో విషయం, మా పెద్దోడు ఎవరో ఏదో రాసింది చదివాడు. మనకెందుకమ్మా గారూ, మీరు చెప్పినట్టే జరిగింది. రెండ్రోజులు ముభావంగా ఉన్నాడు, మేమూ కదిలించలేదు. మూడో రోజు సైన్ డిజైన్ నేనే చేస్తా అని ల్యాప్‌టాప్ లాక్కున్నాడు.

ప్రూఫ్ పెడుతున్నా, చూడండి. నీలం రంగు, కింద నోటీసు లైన్ ఉంది సాంబ గారూ, మూడు సార్లు చూసుకున్నా.

మనకెందుకమ్మా

రంగు బావుంది. పేరు దూరం నుంచి కనపడుతుంది. మాది పక్క అటెండెన్స్ జోనే, ఒకటి మా ఇంటి ముందు పెట్టించండి, రాత్రి పూట వచ్చి పెట్టండి.

సైన్ల సాంబ

అన్నీ బావున్నాయి గానీ స్కూల్ బోర్డ్ అనే మాట ముందు "ఫర్" (ఆ పదవి కోసం పోటీలో ఉన్నారని చెప్పే మాట) చూడండి, చీమ తలకాయంత ఉంది. మీరు ఇప్పుడు ఆ పదవిలో లేరు కాబట్టి ఫర్ అనే మాట కచ్చితంగా ఉండాలి, దాని అక్షరాలు పదవి పేరు అక్షరాల్లో సగం సైజుకి తగ్గకూడదు. బాబుని పెంచమనండి, ఆర్డర్ ఇంకా పెట్టలేదు కదా?

మూడో క్లాసు అమ్మ

పొద్దున్నే పెట్టేశా!! ఆగండి, వాళ్లకి ఫోన్ చేస్తున్నా.